"గూగుల్‌లోనే ఉంది చూడండి": వెతకడం నేర్పడం ఎందుకంత కష్టం?

ఆగస్టు వచ్చిందంటే చెన్నై తెలుగువాళ్లలో ఒక పాత తగువు మళ్లీ రాజుకుంటుంది. ఈ ఊరికి ఆ పేరు ఎవరి వల్ల వచ్చింది అన్నదే ఆ తగువు. 22వ తేదీన మద్రాస్ డే. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ స్థలం దక్కిన రోజుగా 2004 నుంచి దాన్ని జరుపుతున్నారు. పత్రికల్లో వ్యాసాలు వస్తాయి, వాట్సాప్‌లో వాటి ముక్కలు తిరుగుతాయి, ఇళ్లలో గొంతులు పెరుగుతాయి.

మేము కొందరం ఆదివారాలు టి.నగర్‌లో ఒక మేడ మీది గదిలో కలుస్తుంటాం. పేరుకు పుస్తకాలు చదువుకునేందుకే. కానీ సగం పొద్దు ఫోన్లలో ఏదో ఒకటి వెతకడంతోనే గడిచిపోతుంది. ఒక ఆగస్టులో పెరంబూరు నుంచి వచ్చే పెద్దాయన, రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి, "చెన్నై అంటే చెన్నప్ప నాయకుడు, కంపెనీకి స్థలమిచ్చిన నాయకుడి తండ్రి. ఇది మన పేరే" అన్నారు. పక్కాయన ఒప్పుకోలేదు. "చెన్నకేశవ పెరుమాళ్ గుడి ఉంది కదండీ, దాని పేరు ఇది" అన్నారు. ఇద్దరూ ఫోన్లు తీశారు. నిమిషం తిరక్కుండా ఇద్దరికీ రుజువు దొరికింది. ఎవరి తెర వాళ్లు ఎదుటివారి ముందు పెట్టి, "గూగుల్‌లోనే ఉంది చూడండి" అన్నారు.

నేను చెన్నప్ప పక్షం. కాబట్టి ఆ రోజు పెద్దాయన ఫోను మాత్రమే నాకు సరిగ్గా కనబడిందని ముందే ఒప్పుకుంటున్నాను.

ఇద్దరూ చదువుకున్నవారే. ఇద్దరికీ ఫోను వాడటం బాగా వచ్చు. అయినా ఒకే యంత్రం ఇద్దరినీ గెలిపించి పంపింది. వెతకడం కూడా నేర్పాల్సిన విద్యేనని లైబ్రేరియన్లు, అధ్యాపకులు, పరిశోధకులు చాలాకాలంగా అంటున్నది ఇందుకే. ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అన్న దగ్గరే వాళ్ల మధ్య తేడాలు వస్తాయి.

## వెతికేది ఎక్కడ?

సెర్చ్ ఇంజిన్ మనం అడిగిన క్షణంలో ఇంటర్నెట్ అంతా తిరిగి రాదు. దాని ప్రోగ్రాములు ముందే వెబ్ పేజీలను లింకు పట్టుకుని లింకు చొప్పున తిరిగి, ఏ మాట ఏ పేజీలో ఉందో రాసిపెట్టుకుంటాయి. లావుపాటి పుస్తకం చివర పదసూచిక ఉంటుంది కదా, అలాంటిది. మనం వెతికేది ఆ సూచికలో. సూచికకు ఎక్కని పేజీ మన దృష్టిలో లేనట్టే.

రెండో పని వరుస పెట్టడం. లక్షల పేజీల్లో ఏది పైన, ఏది కింద? 1998లో గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉండగా చెప్పిన ఉపాయం ఏమిటంటే, ఒక పేజీకి మరో పేజీ ఇచ్చే లింకును ఓటుగా లెక్కపెట్టడం. పలుకుబడి ఉన్న పేజీ వేసే ఓటుకు బరువు ఎక్కువ. ఇప్పుడు దానికి తోడు వెతికే మనిషి ఉన్న ఊరు, వాడే భాష, పేజీ ఎంత కొత్తది వంటివి ఎన్నో చేరాయి. ఇన్ని చేరినా, వరుసలో పైన ఉండటానికి అర్థం "మీరు టైపు చేసిన మాటలకు ఇది బాగా సరిపోతుందని మా అంచనా" అని మాత్రమే. పేజీలో రాసింది నిజమా అన్నది వేరే ప్రశ్న. దాన్ని యంత్రం పక్కదారుల్లో అంచనా వేస్తుందే తప్ప తేల్చదు.

మనుషులు మాత్రం తేల్చేసినట్టే చూస్తారు. 2007లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు విద్యార్థులకు గూగుల్ ఫలితాల వరుసను కావాలనే తారుమారు చేసి చూపించి, వాళ్ల కళ్లు ఎక్కడ తిరుగుతున్నాయో గమనించారు. అంతగా పనికిరాని ఫలితాన్ని పైకి తెచ్చినా, పైన ఉందన్న ఒక్క కారణంతో దాన్నే ఎక్కువగా నొక్కారు.

ప్రకటనల సంగతి సరేసరి. పేజ్, బ్రిన్‌లు తమ 1998 పత్రం అనుబంధంలోనే, ప్రకటనల డబ్బు మీద నడిచే సెర్చ్ ఇంజిన్లు సహజంగానే ప్రకటనదారుల వైపు మొగ్గుతాయని రాశారు. రెండేళ్లకు, 2000లో, గూగుల్ తన ప్రకటనల వ్యాపారం మొదలుపెట్టింది. ఆ అనుబంధం ఇప్పటికీ ఎవరైనా చదువుకోవచ్చు.

## ప్రశ్నలోనే జవాబు దాచి అడగడం

మా ఇద్దరు పెద్దలు ఏం టైపు చేశారో తర్వాత చూశాం. ఒకరిది "చెన్నై పేరు చెన్నప్ప నాయకుడు". మరొకరిది "చెన్నై పేరు చెన్నకేశవ పెరుమాళ్ గుడి". ఆ మాటలున్న పేజీలు అడిగారు, ఆ మాటలున్న పేజీలు వచ్చాయి. యంత్రం తప్పేమీ చేయలేదు. దుకాణంలో కందిపప్పు అడిగి, ఊళ్లో అందరూ తినేది కందిపప్పే అని తేల్చినట్టుంది.

"వేరుసెనగ తింటే షుగర్ పెరుగుతుందా" అని అడిగినవారికీ, "షుగర్‌కు వేరుసెనగ మంచిదా" అని అడిగినవారికీ వచ్చే పేజీలు చాలా వరకు వేరువేరుగా ఉండటంలో వింత లేదు. భయంతో అడిగినవారికి భయపెట్టే శీర్షికలు, ఆశతో అడిగినవారికి ఊరడించే శీర్షికలు వస్తాయి. "వేరుసెనగ, మధుమేహం" అని మొగ్గు లేకుండా అడిగితే రెండు రకాలూ ఒకే తెర మీద పక్కపక్కన కనబడే అవకాశం ఉంటుంది.

ఇక్కడే వ్యవహారం చిక్కుపడుతుంది. "వార్త అబద్ధమేమోనని అనుమానం వస్తే వెతికి చూడండి" అన్నది అందరూ ఇచ్చే సలహా. 2023 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆ సలహాకే ఎసరు పెట్టింది. కెవిన్ ఆస్లెట్, ఆయన సహ పరిశోధకులు అమెరికాలో వరుస ప్రయోగాలు చేసి, తప్పుడు వార్త చదివాక దాని గురించి ఆన్‌లైన్‌లో వెతికినవారు వెతకనివారికన్నా దాన్ని ఎక్కువగా నమ్మారని చూపారు. పెరుగుదల సుమారు 19 శాతం. కారణాల్లో ఒకటి, చాలామంది ఆ తప్పుడు వార్త శీర్షికలోని మాటలనే ఎత్తి టైపు చేయడం. పుకారు పుట్టించినవాళ్ల పదజాలంతో వెతికితే పుకారు రాసుకున్న పేజీలే ముందుకొస్తాయి.

అంటే వెతకడం మానేయాలనా? ఆ పరిశోధకులు అలా అనలేదు. నాసిరకం ఫలితాలు ఎదురైనవారిలోనే ఈ నమ్మకం ఎక్కువగా పెరిగింది. కాబట్టి వెతకమని చెప్పి ఊరుకుంటే చాలదు, ఎలా వెతకాలో కూడా చెప్పాలన్నది దీని నుంచి చాలామంది తీసుకున్న అర్థం.

## తెలుగులో వెతికేవారికి అదనపు తిప్పలు

సెర్చ్ గురించి పాఠాలు చెప్పేవి చాలావరకు ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని రాసినవే. కావలసిన మాటలను కొటేషన్ గుర్తుల మధ్య పెడితే అచ్చంగా అవే మాటలున్న పేజీలు వస్తాయన్నది వాటిలో మొదటి పాఠం. తెలుగులో అది ఎలా బెడిసికొడుతుందో మా గదిలోనే చూశాం. "చెన్నప్ప నాయకుడు" అని గుర్తుల మధ్య పెడితే, "చెన్నప్ప నాయకుని పేరిట" అని రాసిన వ్యాసం రాదు. "నాయకుడి" అన్నా రాదు. రెండు మాటలూ కలిపి "చెన్నప్పనాయకుడు" అని రాసినా అంతే. విభక్తులు మాట చివర అంటుకుపోయే భాష మనది. సంధి జరిగితే మాట మొదలు కూడా మారిపోతుంది. అందుకని పూర్తి మాటకు బదులు మారని ముక్క, ఇక్కడ "చెన్నప్ప" ఒక్కటీ పెడితే ఎక్కువ దొరికాయి.

ఊరి పేరే చూడండి. చెన్నై, మద్రాసు, మదరాసు, చెన్నపట్నం, చెన్నపట్టణము, చెన్నపురి. 1996లో ప్రభుత్వం అధికారికంగా చెన్నై అని మార్చేదాకా తెలుగు పత్రికలు మద్రాసు అనే రాశాయి. అంతకుముందు తరం పుస్తకాల్లో చెన్నపురి, చెన్నపట్టణము. ఇవాళ్టి పేరుతో వెతికేవారికి నూరేళ్ల కిందటి పుస్తకం కంటబడకపోవడంలో ఆశ్చర్యం లేదు. కంపెనీకి స్థలమిచ్చిన దామెర్లవారి వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు రచనల్లో కొన్నిచోట్ల వెంకటాద్రి, కొన్నిచోట్ల వెంకటప్ప.

ఇక పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ గ్రంథాలయంలో పెట్టి ఉన్నాయి. కానీ అవి పేజీల బొమ్మలు. బొమ్మలోని అక్షరాన్ని యంత్రం చదవగలిగితేనే సూచికకు ఎక్కుతుంది. పైగా చాలా పుస్తకాల పేర్లను ఎవరికి తోచిన ఇంగ్లీషు స్పెల్లింగులో వాళ్లు ఎక్కించారు. పుస్తకం మన ముందే ఉంటుంది, పేరు మాత్రం అక్షరదోషాల అజ్ఞాతవాసంలో ఉంటుంది. అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌కు ముందు కొన్ని తెలుగు వెబ్‌సైట్లు సొంత ఫాంట్లు వాడాయి. మనకు తెలుగుగా కనబడిన ఆ పాఠం యంత్రానికి గజిబిజి గుర్తులే.

ఇన్ని కారణాల వల్ల తెలుగులో ఒక విషయం గురించి వెతికినప్పుడు మంచి పేజీలు తక్కువగా, కొన్నిసార్లు అసలే లేకుండా ఉంటాయి. ఇలాంటి ఖాళీలను పరిశోధకులు మైకెల్ గోలెబీవ్‌స్కీ, డేనా బాయిడ్ 2018లో "డేటా శూన్యాలు" అన్నారు. శూన్యంలోకి ముందు ఎవరు వచ్చి కూర్చుంటే పైవరుస వాళ్లదే. మందుల గురించి, జాతకాల గురించి తెలుగులో వెతికి చూసినవారికి ఆ కూర్చున్నవాళ్లు ఎవరో చెప్పనక్కరలేదు.

చెన్నైలో ఇంకో ముడి కూడా ఉంది. ఇక్కడ పుట్టి పెరిగిన చాలామంది తెలుగు పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి వెతుకుతారు, లేదా నోటితో అడుగుతారు. ఈ ఊరి చరిత్రకు ఆధారాలు తెలుగులో కొన్ని, తమిళంలో కొన్ని, కంపెనీ కాగితాల ఇంగ్లీషులో చాలా ఉన్నాయి. ఏ ఒక్క భాషలో వెతికినా కథ సగమే.

## పట్టిక చేతికివ్వాలా, పేజీ వదిలి వెళ్లమనాలా?

నేర్పేవారిలో పాత పద్ధతి పట్టికలది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ చీకో ప్రాంగణంలోని లైబ్రేరియన్లు 2004లో తయారుచేసిన పట్టిక బాగా ప్రచారంలోకి వచ్చింది. పేజీ ఎప్పటిది, మనకు కావలసిన విషయానికి పనికొస్తుందా, రాసినవారు ఎవరు, వివరాలు కచ్చితమైనవేనా, ఏ ఉద్దేశంతో రాశారు అన్న ఐదు ప్రశ్నలు. తరగతి గదిలో చెప్పడానికి సులువు, మార్కులు వేయడానికి ఇంకా సులువు.

దీనికి ఎదురుదెబ్బ స్టాన్‌ఫర్డ్‌ నుంచి వచ్చింది. 2017లో శామ్ వైన్‌బర్గ్, సారా మెగ్రూ 45 మందిని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. పదిమంది చరిత్రకారులు, పదిమంది వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవారు, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు. ఒక పరీక్షలో పిల్లల వైద్యులకు సంబంధించిన రెండు సంస్థల పేజీలిచ్చి ఏది నమ్మదగినదో చెప్పమన్నారు. ఒకటి 1930లో స్థాపించిన, దేశమంతా సభ్యులున్న వృత్తి సంఘం. రెండోది అదే ధ్వని వచ్చే పేరుతో 2002లో విడిగా పెట్టుకున్న చిన్న బృందం. విద్యార్థుల్లో ఎక్కువమంది రెండోదాని వైపు మొగ్గారు. చరిత్రకారుల్లోనూ చాలామంది తేల్చుకోలేకపోయారు. పేజీని పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివారు. పొందిక చూశారు, ఉటంకింపులు చూశారు.

నిజనిర్ధారణ చేసేవారు అసలు ఆ పేజీ మీద నిలవలేదు. క్షణాల్లో కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి చెప్పుకునేది వింటూ కూర్చోకుండా ఆ వీధిలో వాకబు చేస్తాం కదా, అదే పని. దీన్ని పక్కచూపు చదువు అనవచ్చు. డిజిటల్ అక్షరాస్యత నిపుణుడు మైక్ కాల్‌ఫీల్డ్ దీన్ని నాలుగు మెట్లుగా మలిచి పాఠంగా చెప్పారు. ఆగడం, చెప్పినవారి గురించి వాకబు చేయడం, ఇంతకన్నా మంచి కథనం కోసం చూడటం, మాట మొదట ఎక్కడ పుట్టిందో అక్కడిదాకా వెళ్లడం.

పట్టిక పద్ధతికి ఉన్న లోపం, అది పేజీ తన గురించి తాను చెప్పుకున్నదాన్నే పరీక్షిస్తుంది. "మా గురించి" అన్న పేజీని అందంగా రాసుకోవడం ఎవరికైనా చేతనవును. వాకబు పద్ధతి మేలన్నది నా అభిప్రాయం కూడా. కానీ దానిమీద ఉన్న అభ్యంతరాలు తీసిపారేయదగ్గవి కావు. బయటివాళ్లు ఏమన్నారో చూడాలంటే బయట ఎవరో ఒకరు ఏదో అని ఉండాలి. ఊరి చరిత్ర రాసుకున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి గురించి ఎవరూ రాయరు. పలుకుబడిని కొలబద్దగా పెట్టుకుంటే ఆయన ఓడిపోతాడు, ఆయన దగ్గర ఉన్న శాసనం నకలు కూడా ఓడిపోతుంది. తెలుగు విషయాలకు ఇది నిత్యం ఎదురయ్యే ఇబ్బంది.

మూడో వాదం వేరే దిక్కు నుంచి వస్తుంది. కోట్ల మందిని డిటెక్టివులుగా మార్చడం దేనికి, ఫలితాలు పెట్టేవాళ్లనే నిలదీయవచ్చు కదా అని. మా గదికి వచ్చే ఒకావిడ రావలసిన పార్సెల్ గురించి కస్టమర్ కేర్ నంబరు వెతికి, పైన కనబడిన నంబరుకు ఫోను చేసి డబ్బు పోగొట్టుకున్నారు. నంబరు దొంగది. అలా మోసపోయినవారు ఫిర్యాదు చేయడానికి 1930 అనే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది, ఆవిడ చేశారు కూడా. "నాకు వెతకడం రాదంటారా, వాళ్లకు పెట్టడం రాదంటారా?" అని ఆవిడ అడిగిన ప్రశ్నకు గదిలో ఎవరూ నోరెత్తలేదు. రోజూ కొత్త పేజీలు పుట్టే చోట అన్నిటినీ ముందే జల్లెడ పట్టడం అసాధ్యమని, జల్లెడ బిగిస్తే నిజాయితీగా రాసేవారూ జారిపోతారని కంపెనీల వాదన. అందులో కొంత నిజం ఉంది. ఆవిడ డబ్బు పోవడం పూర్తిగా నిజం.

## పది పేజీలు, ఒక్క సాక్షి

మళ్లీ 1639కి వద్దాం. కాలేజీలో చదువుతున్న ఒక అమ్మాయి మా తగువు తీర్చే పని మీద వేసుకుంది. పేరు జోలికి వెళ్లకముందు ఆగస్టు 22 అన్న తేదీ సంగతి చూస్తానంది. వెతగ్గానే పైన పెట్టెలో తేదీ వచ్చేసింది. కింద పది పేజీలు అదే మాట చెప్పాయి. చాలామంది ఇక్కడ ఫోను మూసేస్తారు.

ఆ అమ్మాయి పది పేజీలనూ పక్కపక్కన పెట్టి చూసింది. అవే వాక్యాలు, ఒక చోట కామా కూడా అదే స్థానంలో. ఒకరిని చూసి ఒకరు ఎత్తుకున్నవి. పది పేజీలున్నంత మాత్రాన పదిమంది సాక్షులున్నట్టు కాదని మాకు అప్పుడు అర్థమైంది. తర్వాత "ఆగస్టు 22" అన్న మాట తీసేసి, కంపెనీ తరఫున స్థలం పుచ్చుకున్న ఉద్యోగి ఫ్రాన్సిస్ డే పేరు, దానపత్రం, 1639 అని ఇంగ్లీషులో వెతికింది. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. పత్రం మీద ఉన్న తేదీ జులై 22. ఫ్రాన్సిస్ డే ఈ తీరానికి చేరింది జులై 27న. మనిషి రాకముందే పత్రం ఎలా పుచ్చుకున్నాడు? నెల రాయడంలో పొరపాటు జరిగి ఉంటుందని, ఆగస్టు అయి ఉండాలని చరిత్రకారులు సర్దుకున్నారు. అంటే మనం పండగ చేసుకుంటున్నది ఒక సవరణను. సవరణ సమంజసమైనదే కావచ్చు, కానీ పైన పెట్టెలో ఆ మాట లేదు.

అక్కడి నుంచి ఆమె హెన్రీ డేవిసన్ లవ్ 1913లో మూడు సంపుటాలుగా తెచ్చిన మద్రాసు చరిత్ర దాకా వెళ్లింది. కంపెనీ రికార్డుల ఆధారంగా రాసిన పుస్తకం, స్కాన్ ప్రతి ఉచితంగా దొరుకుతుంది. ఆ వెతుకులాటలో ఆమె వాడిన చిట్కాలు రెండే. ఒక మాట అక్కర్లేనప్పుడు దాని ముందు చిన్న గీత పెట్టడం. మద్రాస్ డే వేడుకల వార్తలు అలా తప్పుకున్నాయి. ఒకే వెబ్‌సైట్ లోపల వెతకడానికి ఇంగ్లీషులో సైట్ అని, కోలన్ పెట్టి, ఆ చిరునామా రాయడం. చిట్కాలు నేర్పడానికి పది నిమిషాలు చాలు. పది పేజీలు చూశాక కూడా ఫోను మూయకపోవడం ఎలా నేర్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

## జవాబే పైన వస్తున్నప్పుడు

2024 ఆగస్టు నుంచి భారతదేశంలో గూగుల్ ఫలితాల పైన కృత్రిమ మేధ రాసిన సారాంశాలు కనబడుతున్నాయి. అదే ఏడాది మే నెలలో అమెరికాలో ఇవి మొదలైన కొత్తలోనే, పిజ్జా మీద చీజ్ జారిపోకుండా సాస్‌లో జిగురు కలపమని ఒక సారాంశం చెప్పి నవ్వులపాలైంది. ఆ సలహా రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో ఎవరో ఏళ్ల కిందట వేళాకోళానికి రాసిన మాట. యంత్రానికి వెటకారం అర్థం కాలేదు.

నవ్వు తెప్పించే తప్పులు దొరికిపోతాయి. నవ్వు రానివి దొరకవు. పది లింకులుంటే వాటి మధ్య తేడా ఉందని కనీసం కంటికి కనబడేది. సారాంశం ఆ తేడాలను చదును చేసి ఒకే గొంతుతో చెబుతుంది. సమర్థించేవారి మాటా వినాలి. తెలుగు మాత్రమే చదవగలిగేవారికి ఇంగ్లీషులో ఉన్న సమాచారం ఇలాగైనా అందుతుందని, సారాంశం పక్కన ఆధారాల లింకులు ఉంటున్నాయని అంటారు. రెండూ నిజమే. ఆ లింకులు ఎంతమంది నొక్కుతారన్నది మా పెద్దల ఫోన్లు చూస్తే తెలుస్తుంది.

ఆ అమ్మాయి చివరికి ఒక కాగితం గోడకు అంటించింది. చెన్నప్ప కథనం ఒక పక్క, చెన్నకేశవ కథనం ఒక పక్క. ప్రతిదాని కింద ఎవరు చెప్పారు, ఏ సంవత్సరంలో చెప్పారు, వాళ్లకు ఎలా తెలుసు. రెండు పక్కలా చివరి గడి ఖాళీగానే ఉంది.

పెరంబూరు పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చదివి, "అయితే మన చెన్నప్ప ఓడినట్టా?" అన్నారు.

"ఓడలేదు తాతగారూ. ఇంకా తేలలేదు. ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీకి వెళ్లి చూడాలి. 1896 నుంచి ఉంది కదా, పాత పుస్తకాలు దొరకవచ్చు. మీరూ వస్తారా?"

"శుక్రవారం తెరిచే ఉంటుందా?"

ఆ అమ్మాయి ఫోను తీసి వేళలు వెతికింది. రెండు పేజీల్లో రెండు రకాలుగా ఉన్నాయి. లైబ్రరీకే ఫోను చేసింది.